చిత్తూరులో మధ్యాహ్నం

తిరుపతి నుంచి చిత్తూరుకు డెబ్బై కిలోమీటర్ల దారి. పొద్దున కాఫీ తాగి బయల్దేరితే టిఫిను వేళకు అక్కడుంటాం. ఆ కాస్త దారికి మా అమ్మ మూడు వారాలు ప్లాను వేసింది. కాశీకి పోయేవాళ్ళు కూడా అంత ఆలోచించి ఉండరు.

అంతా పెద్దమ్మ ఫోనుతో మొదలైంది. పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క, చిత్తూరులో ఉంటుంది. ఒక ఆదివారం నాకు ఫోన్ చేసి, స్కూలు సంగతులు, నా మోకాలి నొప్పి సంగతి అన్నీ అడిగి, చివర్లో గొంతు తగ్గించింది.

"వచ్చే నెలాఖరుకు ఇల్లు కాళీ సేస్తుండాను పాపా. ఇంగ వేలూరులో కూతురి దగ్గరే. ఆడికి పోయినాక వంటిల్లు నాది కాదు గదా. మీ యమ్మను ఒక్కసారి పిల్సకరా. నా ఇంట్లో, నా సేత్తో ఇంత వండి పెట్టాలని ఉండాది. ఇంగేం లేదు."

తప్పకుండా తీసుకొస్తానని మాటిచ్చాను. ఇచ్చాక గాని అసలు చిక్కు గుర్తుకు రాలేదు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ నలభై ఏళ్ళ పైచిలుకు ఇంత దగ్గర ఊళ్ళలో ఉన్నా, అమ్మ ఇంతవరకు ఆ ఇంట్లో ఒక మెతుకు ముట్టలేదు. ఈ నెలన్నర దాటితే ఇక ముట్టడానికి ఆ ఇల్లే ఉండదు.

మాది వైష్ణవుల ఇల్లు. నాయన దేవస్థానం వంటశాలలో పనిచేసి రిటైరయ్యాడు, ఆయన పోయి ఐదేళ్ళయింది. పెద్దమ్మ వయసులో ఉన్నప్పుడు టీచరు ట్రైనింగుకని చిత్తూరు పోయి, అక్కడ ఒక మిషన్ బడిలో డ్రాయింగు నేర్పే క్రిస్టియన్ ఆయన్ని రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. తాత కొన్నేళ్ళు ఆమె పేరెత్తనివ్వలేదు. తర్వాత మెత్తబడ్డాడు. నాకు ఊహ తెలిసేసరికి పెద్దమ్మ ఏడాదికి రెండుసార్లు మా ఇంటికి వస్తూనే ఉండేది. ఎండాకాలమైతే బేనీషా మామిడిపండ్ల సంచీతో దిగేది. అమ్మ వడ్డిస్తే తినేది, పొగిడేది, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేది. పండ్లు తప్ప వండిన వస్తువేదీ ఎన్నడూ తేలేదు. మా వంటింటి గడప దాటి లోపలికి వచ్చేదీ కాదు. రావద్దని ఎవరూ అనగా నేను వినలేదు. అయినా ఆ గడప దగ్గరికి రాగానే ఆమె కాళ్ళు వాటంతటవే ఆగేవి. చిన్నపిల్లను కదా, ఆమెకు మా వంటిల్లు నచ్చదేమో అనుకునేదాన్ని.

అమ్మ ఎందుకు పోదని అడిగితే ఇంట్లో ఒకటే జవాబు. మేం తిరుపతి వాళ్ళం, మేం ఎక్కడికీ పోం, అందరూ మా దగ్గరికే వస్తారు. అందులో నిజం లేకపోలేదు. చుట్టాలు కొండకు పోయే ముందు మా ఇంట్లో దిగుతారు, స్నానాలు చేస్తారు, తింటారు, పెట్టెలు మాకప్పగించి అలిపిరి దారి పడతారు. దర్శనం అయ్యాక నేరుగా సొంతింటికి పోవాలే గాని మధ్యలో ఇంకొకరి గడప తొక్కకూడదని ఆచారం. అందుకని తిరుగు ప్రయాణంలో గేటు బయటే నిలబడి పెట్టెలు అందుకుని పోతారు. అమ్మ జీవితమంతా అలా హడావిడిగా వచ్చేవాళ్ళకు వండి పెట్టడంలోనే గడిచింది. ఇంకొకరి ఇంట్లో చుట్టంగా ఎలా కూర్చోవాలో ఆమెకు తెలియదు.

నేను పెద్దమ్మ మాట చెప్పగానే అమ్మ కాదనలేదు. "పోదాం" అంది. నేను ఆశ్చర్యపోయేలోగా పంచాంగం తీసింది.

"చిత్తూరు మనకు యాపక్క?"

నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్తాను. దిక్కులు నా సొంత ఆస్తి అన్నట్టు చెప్పాను. "దక్షిణం."

"చంద్రగిరి మిందనే గదా పోవాల. చంద్రగిరి పడమర గదా."

ఇద్దరికీ వాదం జరిగింది. వారశూల అని ఒకటుంది, ఏ వారం ఏ దిక్కుకు ప్రయాణం చేయకూడదో చెప్తుంది. ఆది, శుక్రవారాలు పడమరకు పనికిరావు. గురువారం దక్షిణానికి పనికిరాదు. నేను ఫోన్లో మ్యాపు తెరిచి, స్కేలు పెట్టి, కోణం కొలిచి, చిత్తూరు పడమరా కాదు దక్షిణమూ కాదు, నైరుతి అని తేల్చాను. చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

"అట్లయితే రెండు శూలలూ తగుల్తాయి" అంది అమ్మ. "ఆదివారం, శుక్రవారం, బేస్తవారం. మూడూ పోయినాయి."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాకు ఏదైనా లెక్క దొరికితే చివరిదాకా పోకపోతే నిద్ర పట్టదు. "అమా, అదే రోజు తిరిగి రావాల గదా? వచ్చేటప్పుడు మనం ఈశాన్యానికి వస్తాం. తూర్పుకు సోమ, శనివారాలు కూడవు. ఉత్తరానికి మంగళ, బుధవారాలు కూడవు." వేళ్ళు మడిచి చూసుకున్నాను. ఏడూ అయిపోయాయి. తిరుపతి నుంచి చిత్తూరుకు పొద్దున పోయి సాయంత్రం రావడానికి వారంలో ఒక్క రోజు కూడా లేదు! ఇన్ని వందల బస్సులు రోజూ ఏ ధైర్యంతో తిరుగుతున్నాయో.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఆమె ముఖంలో ఒక నిశ్చింత కనిపించింది, పరీక్ష వాయిదా పడిందని తెలిసిన పిల్లలకు కనిపించేలాంటిది. నా నవ్వు ఆగిపోయింది. ఈమెకు పోవాలని లేదా? లేకపోతే ఆ మాట మొదటిరోజే చెప్పొచ్చు కదా? నాకు కుతూహలం మొదలైంది.

మర్నాడు మా ఇంటి పురోహితుడికి ఫోన్ చేసి అడిగాను. ఆయన పకపకా నవ్వాడు. "సొంతింటికి తిరిగొచ్చేదానికి శూల ఏంది తల్లీ? పోయేదానికే చూసుకోండి." ఆ మాట అమ్మకు చేరవేశాను. నైరుతికి పోవడానికి సోమ, మంగళ, బుధ, శనివారాలు మిగిలాయి. నాకు సెలవు దొరికేది రెండో శనివారం. అమ్మకు ఇక తప్పించుకునే సందు లేదనుకున్నాను.

సందు ఎందుకుండదు? ముందు పుత్తూరు పోయి, అక్కడినుంచి కార్వేటినగరం మీదుగా పోతే మంచిదేమో అంది. "పుత్తూరుకు కట్టు కట్టించుకోను పోయేది ఎముక విరిగినోళ్ళమ్మా, మనం ఇంకా విరగ్గొట్టుకోలేదు" అన్నాను. కారు పాతది కదా అంది. మెకానిక్కుకు చూపించాను. కొత్త రోడ్డు మీద లారీలు గాలిలా పోతాయంట అంది. పాత రోడ్డులో పోదామన్నాను. ఇలా రెండు వారాలు గడిచాక, ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి క్యాలెండరు పాత నెల కాగితం చించి, దాని వెనకవైపు ముత్యాల్లాంటి అక్షరాలతో ప్లాను రాసి నా బల్లమీద పెట్టి ఉంది.

ఆరున్నరకు బయలుదేరుట. ఎనిమిదికి చిత్తూరు. పది ముప్పై అయిదుకు చిత్తూరు నుండి బయలుదేరుట. పన్నెండుం పావుకు ఇల్లు.

పది ముప్పై అయిదు ఏమిటని అడిగాను. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం, అది దాటగానే బయల్దేరాలంది. సరే, ఆచారం ఆచారమే. అయినా ఆ కాగితం చూసినకొద్దీ నాకేదో తేడాగా తోచింది. క్లాసులో పిల్లలకు చెప్పినట్టు, ఒక్కొక్కటి మార్చి చూద్దామనుకున్నాను.

"తొమ్మిదికి బయల్దేరదామా? నేను కొంచెంసేపు ఎక్కువ పండుకుంటా."

"రాహుకాలంలోనా?"

"పోనీ చిత్తూరు నుంచి అట్లే కాణిపాకం పోయి వినాయకుని చూసుకుని వద్దామా? పక్కనే."

"ఇంకోసారి పోదాం లే."

"పెద్దమ్మ ఇంట్లో ఇంకో గంట ఉందామా? మాట్లాడుకునేది చాలా ఉంటాది."

"రెండున్నర గంటలు చాల్లేదా? ఏం మాట్లాడుతావు అంత?"

పొద్దున ఎంత పొద్దున పోదామన్నా ఆమెకు అభ్యంతరం లేదు. తిరుగు ప్రయాణాన్ని పది నిమిషాలు వెనక్కి జరిపితే మాత్రం ఒప్పుకోవడం లేదు. అప్పుడు అర్థమైంది. టిఫిను ఇంట్లో తిని పోతాం, భోజనానికి ఇంటికి వస్తాం. ఆ ప్లానులో చిత్తూరుకు పొద్దు పొడవడం ఉంది, మధ్యాహ్నం లేదు.

నాకు కోపం వచ్చింది. పెద్దమ్మ గొంతు తగ్గించి అడిగిన మాట గుర్తొచ్చి ఇంకా వచ్చింది. అమ్మ అరుగు మీద కూర్చుని తులసిమాల కడుతోంది. కాగితం తీసుకుపోయి ఆమె ముందు పెట్టాను.

"అమా, అక్క ఇంట్లో తింటావా, తినవా? ఆ ఒక్క మాట చెప్పు."

"శనివారం గదా, నాకు ఒక్కపొద్దు."

"ఒక్కపొద్దంటే ఒక పూట తింటారు గదా. ఆ ఒక పూట ఆడ తిను."

అమ్మ దారం ముడి వేసుకుంటోంది. నేను నోరు పారేసుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. నాయన బతికి లేడు, తాత బతికి లేడు, ఇంకా ఎవరి కోసం ఈ మడి అన్నాను. మనిషి కంటే మడి ఎక్కువా అన్నాను. నాయన వంటశాల మనిషి కాబట్టి ఆయన వద్దన్నాడేమో, ఆయన పోయాక కూడా ఆయన మాటే పట్టుకుని కూర్చున్నావా అని కూడా అన్నాను.

అమ్మ తల ఎత్తింది. "మీ నాయనా? మీ నాయన ఎప్పుడూ ఆడ తినేవాడు."

"పెద్దమ్మ ఇంట్లోనా?" అన్నాను.

"అప్పుడంతా చిత్తూరే గదా జిల్లా. ఏ కాగితం కావాలన్నా ఆడికే పోవాల. మూడు నెలలకోసారి పోయేవాడు. సందకాడ ఇంటికొచ్చి ఆకలి లేదనేవాడు. బస్టాండు హోటల్లో తినినా అనేవాడు. ఆయన ఎవరి వంటలోనన్నా ఉప్పు ఎక్కువైతే వారం చెప్పేవాడు. ఆ హోటలు గురించి ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. నాకు తెలీదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను పక్కకు చూశాను. పదో తరగతి పేపర్లు దిద్దడానికి చిత్తూరు పోయిన ప్రతి ఏడూ పది రోజులు నేను తిన్నది పెద్దమ్మ ఇంట్లోనే. అమ్మకు మాత్రం క్యాంటీను అని చెప్పేదాన్ని.

"నీ సంగతీ తెలుసు" అంది అమ్మ, నా వైపు చూడకుండానే. "క్యాంటీన్లో తినింటే ఇంటికొచ్చి తిట్టుకోకుండా ఉంటావా నువ్వు?"

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇంట్లో ముగ్గురం, ముగ్గురికీ అన్నీ తెలుసు, ముగ్గురం ఏమీ తెలియనట్టే ఉన్నాం. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మరి నువ్వెందుకు తినలేదు? నిన్ను ఎవరు వద్దన్నారు?"

"ఎవరూ అనలేదు." తులసి దళాలు పక్కన పెట్టింది. "మొదటిసారి పోయినప్పుడు నువ్వు చంకలో ఉండావు, రెండేళ్ళ పిల్లవు. అక్క ఆకు వేసింది. కూచున్నా. అప్పుడు నాకు భయమేసింది. తింటే ఏమైతుందో, తాతకు తెలిస్తే ఏమంటాడో. కడుపు బాగలేదక్కా అని లేచేసినా. నీకు మాత్రం పెట్టింది. నువ్వు రెండుసార్లు పెట్టించుకోని తినినావు."

"తర్వాత?"

"తర్వాత భయం పోయింది. తినేదానికే మొగం చెల్లలేదు. తింటే, ఆపొద్దు చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నట్టే గదా. అక్కకు అప్పుడే తెలుసు. అయినా నేను నా నోటితో ఒప్పుకోలేకపోయినా. ఏడాది అయింది, పదేండ్లయింది. పోయిన కొద్దీ ఇంకా కష్టమైంది. అందుకే పోయేదే మానుకున్నా."

నేను ఇంతకాలం మడి అనుకున్నది సిగ్గు అని తెలిసేసరికి నా కోపమంతా ఏమైందో తెలియదు. పక్కన కూర్చుని తులసి దళాలు అందిస్తూ ఉండిపోయాను. కాసేపటికి అమ్మే కాగితం నా వైపు తోసింది. "పది ముప్పై అయిదు కొట్టేయి" అంది. కొట్టేశాను. పన్నెండున్నర అని వేసి, పక్కన భోజనం అని రాశాను. అమ్మ ఆ మాటను వంగి చదువుకుంది.

"అక్కకు చెప్పబాకు" అంది. "చెప్తే ఆమె ఆశ పెట్టుకుంటాది. ఆకు ముందర కూచున్నాక మళ్ళా నా కాళ్ళు లేస్తే?"

నా నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఈ ఒక్క మాట దాచాను. శుక్రవారం పెద్దమ్మ ఫోన్ చేసి, "భోజనానికి ఉంటారా పాపా?" అని అడిగితే, "చూస్తాం పెద్దమ్మా" అన్నాను. "సరేలే" అంది ఆమె. ఆ 'సరేలే' నాకు నచ్చలేదు, కానీ మాట ఇచ్చాను కదా.

శనివారం ఆరున్నరకు సరిగ్గా బయల్దేరాం. చంద్రగిరి దాటాం. పనపాకం దగ్గర అమ్మ మొదలుపెట్టింది.

"చేతులూపుకుంటా పోతుండాం. ఏమన్నా తీసకపోవాల్నేమో."

"అరటిపండ్లు తీసుకుందాం లే."

"పోతానే కూచోవాల్నా? వాళ్ళు చెప్పేదాకా నిలబడాల్నా?"

"అమా, అది మీ అక్క ఇల్లు."

"వాళ్ళు వడ్డిస్తుంటే నేను ఊరికే కూచోని ఉండాల్నా? లేచి సాయం చెయ్యకూడదా? వంటింట్లోకి పోతే ఏమనుకుంటారో."

డెబ్బై ఏళ్ళ మనిషి, వందలమందికి వండి పెట్టిన మనిషి, చుట్టమై పోవడం ఎలాగో నన్ను అడుగుతోంది. నాకు ముచ్చటేసింది, జాలి కూడా వేసింది. తోచిందల్లా చెప్పాను. పూతలపట్టులో కారాపి రెండు డజన్ల అరటిపండ్లు కొన్నాం. నలుగురున్న ఇంటికి కూడా అన్ని అక్కర్లేదు. ఆమె వినలేదు.

పెద్దమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. పెద్దనాయన పోయాక ఆమె బాగా చిక్కింది, మోకాళ్ళు వంగడం లేదు. "రామ్మే, లోపలికి రా" అంది. ఇన్నేళ్ళు చిత్తూరులో ఉండి ఆమె మాటలో 'చ'లన్నీ 'స'లైపోయాయి. అమ్మ మాట అలా మారలేదు. ఒక కడుపున పుట్టినవాళ్ళని వింటే తెలియదు, చూస్తే తెలుస్తుంది, ఇద్దరికీ ఒకే ముక్కు.

ఇంట్లో రెండు గదుల నిండా అట్టపెట్టెలు. గిన్నెలన్నీ పేపర్లలో చుట్టి కట్టేసి ఉన్నాయి. గోడమీద పెద్దనాయన వేసిన బొమ్మలు తీసేసిన చోట తెల్లటి చదరాలు మిగిలాయి. ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నారు. ఎవరి మోకాళ్ళు ఎంత వంగుతాయి, ఎవరికి ఏ మాత్ర పడుతుంది, తాత ఇంటి వెనకున్న నేరేడుచెట్టు ఎవరు కొట్టించారు. పదిన్నర అయింది. పెద్దమ్మ గడియారం వైపు చూసి తనే లేచింది.

"టయిమయింది గదమ్మే, రాహుకాలం దాటింది. ఎండ ముదరక ముందే పోవాల గదా మీరు."

"యాడికి పోయేది?" అంది అమ్మ. "భోజనం చేసే పోయేది."

పెద్దమ్మ ముఖం వెలిగిపోతుందని నేను చూస్తున్నాను. వెలిగింది, వెంటనే ఏదో అడ్డం పడినట్టు తగ్గింది. "సంతోసం" అని మాత్రం అంది.

ఆ అడ్డం ఏమిటో పన్నెండింటికి తెలిసింది. పక్కవీధి మెస్సు ఆయన పెద్ద క్యారియరు, అరటాకులు తెచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పెద్దమ్మ అందుకోలేదు. నన్ను పిలిచి అందుకోమంది.

"నువ్వే తీసుకోని ఆ స్టూలు మింద పెట్టు పాపా. నువ్వే వడ్డించు. నేను ముట్టలేదు. అయ్యగారి మెస్సు, ఒకేళ మీరు ఉంటే అని నిన్ననే ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేకుండా సెప్పి పెట్టినా. ఆకులు గూడా వాళ్ళవే." మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి వాడరని ఆమె మరచిపోలేదు.

"నీ చేత్తో పెడతానంటివి గదా పెద్దమ్మా" అన్నాను.

ఆమె అమ్మ వైపు చూసి చెప్పింది. "అది నా ఆశమ్మే. ఉంటారా అని అడిగితే సూస్తామని సెప్పింది ఈ పిల్ల. నాకు తెలిసిపోయింది. నేను వండి పెడితే, నువ్వు ఆకు ముందర కూచోని మల్లా కడుపు బాగలేదని లేస్తే, ఈ వయసులో నేను తట్టుకోలేను. నా ఇంట్లో కూచోని నువ్వు ఏదో ఒకటి తింటే సాలు."

నేను దాచిన ఒక్క మాట ఎంత పని చేసిందో అప్పుడు తెలిసింది. ఎటు చూడాలో తెలియక క్యారియరు వైపు చూస్తూ నిలబడ్డాను. అమ్మ మంచం మీదినుంచి లేచింది. ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ అడుగుపెట్టని వంటింటి గడప దాటి లోపలికి పోయింది. ఖాళీ అలమారలు, కట్టేసిన పెట్టెలు, ఒక పక్క స్టవ్వు. అక్కడినుంచే పిలిచింది.

"అక్కా, ఆపొద్దు నాకు కడుపు బాగనే ఉండింది."

పెద్దమ్మ గడపకు ఈ పక్క నిలబడిపోయింది.

"బాగనే ఉండింది. భయమేసి అబద్ధం చెప్పినా. ఆ క్యారియరు ఎవరికన్నా ఇచ్చేయి. నాకు నువ్వు వండు."

"ఇప్పుడా? సామాన్లన్నీ కట్టేసినాను గదే."

"ఇప్పు."

పెద్దమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, ఏడుస్తూనే నన్ను కేకేసింది. నేను కత్తెర తెచ్చి పెట్టెలు కోశాను. మొదటి దాంట్లో దుప్పట్లు వచ్చాయి. రెండోదాంట్లో పుస్తకాలు. మూడోదాంట్లో గిన్నెలు, నాలుగోదాని అడుగున బియ్యం, చింతపండు దొరికాయి. నెలాఖరుకు సిద్ధంగా కట్టి పెట్టినవన్నీ వంటింటి నేలమీద పరుచుకున్నాయి. అమ్మ గిన్నెలు కడుగుతానని పోతే పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. అన్నం కుక్కరు పెట్టి, స్టవ్వు రెండో పక్క బాండలి పెట్టి, గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఏం సేసేదమ్మే? నీకు ఏం కావాల?"

ఆ ప్రశ్న అమ్మను ఎప్పుడూ ఎవరూ అడిగినట్టు లేదు. వచ్చిన చుట్టాలందరినీ ఆమె అడిగేది. ఎవరికి చారు పలచగా ఉండాలో, ఎవరికి పప్పులో కారం తగ్గాలో ఆమెకు తెలుసు, వింటూ పెరిగాను కాబట్టి నాకూ తెలుసు. అమ్మ నా వైపు చూసింది, నేను చెప్తానేమో అన్నట్టు. నాకు తెలియదు. నలభై ఆరేళ్ళుగా ఆమె చేతి వంట తింటున్నాను, మూడు వారాలుగా ఆమెను వంద ప్రశ్నలు అడిగాను, ఈ ఒక్కటీ నాకు తట్టలేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

"దాన్ని సూస్తావేందే, దానికేం తెలుసు?" అంది పెద్దమ్మ. కిటికీ కింద బుట్టలోంచి నాలుగు ఎర్రగడ్డలు తీసింది. "పులుసు పెడతా. సిన్నప్పుడు పక్కింటోళ్ళ మిద్దె మింద దాక్కోని, వాళ్ళ గిన్నె మనిద్దరం కాళీ సేయలేదా? ముక్కల కోసం నువ్వు నన్ను కొరకలేదా?"

మా ఇంట్లో ఎర్రగడ్డ గడప దాటడం నేను పుట్టాక చూడలేదు. బజారులో ఎర్రగడ్డల బండి ఎదురైతే అమ్మ చీర సర్దుకుని పక్కకు తప్పుకుంటుంది. అలాంటి మనిషి ఇప్పుడు తల దించుకుని, చీర అంచు నలుపుకుంటూ కూర్చుంది. కాదంటుందని చూశాను.

"ముక్కలు పెద్దవిగా తరుగు" అంది అమ్మ.